లేత పసుపు రెండు చోట్ల: కాడ్మియం, జింక్ మిశ్రమంపై ఒక కేస్ స్టడీ

ఏ లోహాలున్నాయో కనిపెట్టమని ఆ రోజు పన్నెండు మంది డిగ్రీ విద్యార్థులకు నేను ఇచ్చింది ఒకే మిశ్రమం. కాడ్మియం క్లోరైడ్, జింక్ క్లోరైడ్. జింక్ క్లోరైడ్ గాలిలోని తేమను పీల్చుకుని నీరుగారిపోతుంది కాబట్టి పొడిగా కాకుండా ద్రావణంగా కలిపి, ఒక్కొక్కరికి 5 మి.లీ. పోశాను. పరీక్ష నాళికలపై వేర్వేరు నంబర్లు అంటించాను గాని లోపల ఉన్నది ఒకటే. వార్షిక ప్రాక్టికల్స్‌కు ముందు ఇలాంటి పరీక్ష ఒకటి పెట్టడం నాకు అలవాటు.

సాయంత్రం రికార్డులు నా బల్ల మీదికి వచ్చాయి. ఐదుగురు రెండు లోహాలనూ సరిగ్గా రాశారు. మిగిలిన ఏడుగురూ జింక్‌ను పట్టుకున్నారు, కాడ్మియం దగ్గర తప్పారు. అయితే అందరూ ఒకేలా తప్పలేదు, నన్ను ఆపింది అదే. నలుగురికి రెండో గ్రూపులోనే, అంటే ఆమ్లం కలిపి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పంపే దశలోనే, అవక్షేపం వచ్చింది, కానీ కాడ్మియం సల్ఫైడ్‌కు ఉండాల్సిన నిండు పసుపు కాదు, పాలు కలిపినట్టున్న లేత పసుపు. ఇద్దరు దాన్ని ఆర్సెనిక్ అన్నారు. ఒకరు తగరం అన్నారు. నాలుగో అమ్మాయి అది వాయువు నుంచి విడిపోయిన గంధకమని నమ్మి, వడకట్టి పారబోసింది. ఇంకో ముగ్గురికి రెండో గ్రూపులో ఏమీ రాలేదు. ద్రావణం తేటగా ఉండిపోయింది. వాళ్లకు లేత పసుపు నాలుగో గ్రూపులో, అంటే అమోనియా కలిపాక అదే వాయువు పంపే దశలో, కనిపించింది. అక్కడ తెల్లని జింక్ సల్ఫైడ్ కోసం ఎదురుచూస్తూ ఉన్నారు కాబట్టి, కొంచెం గంధకం కలిసి ఉంటుందనుకుని 'జింక్' అని రాసి ముందుకు సాగిపోయారు.

ఒకే లేత పసుపు, రెండు వేర్వేరు గ్రూపుల్లో. అజాగ్రత్తగా చేసి ఉంటారన్నది నాకు మొదట తోచిన మాట. రికార్డులు మళ్లీ తిరగేసినప్పుడు ఆ మాట నిలబడలేదు. పన్నెండు రికార్డుల్లోనూ ఒకే వాక్యం ఉంది: 'ద్రావణానికి సజల హైడ్రోక్లోరికామ్లం కలిపి, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును పంపాను.' మాన్యువల్‌లో ఉన్న వాక్యం అదే. సరిగ్గా చేసినవారు, పూర్తిగా తప్పినవారు ఒకే సూచనను అక్షరాలా పాటించారు. అప్పుడు నేను వెతకాల్సింది విద్యార్థుల చేతుల్లో కాదు, ఆ వాక్యంలో.

కాగితం మీద బల్లల బొమ్మ గీసి ఎవరు ఎక్కడ నిలబడ్డారో గుర్తు పెట్టాను. కిటికీ వైపు బల్ల దగ్గర చేసిన నలుగురికీ రెండో గ్రూపులో లేత పసుపు. తలుపు వైపు బల్ల దగ్గర చేసిన ముగ్గురికీ నాలుగో గ్రూపులో. మధ్య బల్ల దగ్గరి ఐదుగురూ సరి. మూడు బల్లలు, మూడు రియేజెంట్ షెల్ఫులు, మూడు ఆమ్లం సీసాలు.

మరునాడు పొద్దున్నే ఆ మూడు సీసాల్లోని ఆమ్లాన్ని, తూచి చేసిన సోడియం కార్బొనేట్ ద్రావణంతో, మిథైల్ ఆరెంజ్ సూచికగా అంశమాపనం (టైట్రేషన్) చేశాను. మధ్య బల్ల సీసా 2.1 మోలార్. కిటికీ వైపు సీసా 0.58 మోలార్. తలుపు వైపు సీసా 6.1 మోలార్. మూడింటి మీదా ఉన్న పేరు ఒక్కటే, 'సజల హైడ్రోక్లోరికామ్లం'. ల్యాబ్ అసిస్టెంట్‌ను అడిగితే దాచకుండా చెప్పాడు. ఒక పాలు గాఢ ఆమ్లానికి ఐదు పాళ్ల నీళ్లు పోసి చేసేది మామూలు సీసా. గాఢ ఆమ్లం సుమారు 12 మోలార్ కాబట్టి అది 2 మోలార్ అవుతుంది. అవక్షేపాలు కడగడానికని మరీ పలుచగా చేసిన సీసా ఒకటి, కరగని లవణాలను కరిగించడానికని సగానికి సగం నీళ్లతో చేసిన సీసా ఒకటి, సెలవుల తర్వాత షెల్ఫులు సర్దినప్పుడు ఈ బల్లల మీదికి చేరాయి. సగానికి సగం అని రాసిన చీటీ ఆమ్లం ఆవిరికి ఎప్పుడో చెరిగిపోయింది. తప్పు అతనిది అనను. ఆ ల్యాబ్ బాధ్యత నాది. అంతకు మించి, ఆమ్లం ఎంత ఉండాలో అంకెలో చెప్పని సూచనను ఇన్నేళ్లుగా పిల్లల చేతికి ఇస్తూ వచ్చింది నేనే.

అంత తేడా ఎలా వస్తుంది

రెండో గ్రూపులో ఆమ్లం ఎందుకు కలుపుతామని వైవాలో అడిగితే ప్రతి విద్యార్థీ చెబుతాడు: ఉమ్మడి అయాన్ ప్రభావం కోసం. హైడ్రోజన్ సల్ఫైడ్ బలహీన ఆమ్లం, కొద్దిగా మాత్రమే అయనీకరణం చెందుతుంది. హైడ్రోక్లోరికామ్లం నుంచి హైడ్రోజన్ అయాన్లు వచ్చి చేరితే ఆ అయనీకరణం ఇంకా వెనక్కి జరుగుతుంది, సల్ఫైడ్ అయాన్ గాఢత పడిపోతుంది. ద్రావణీయతా లబ్దం, అంటే లవణం ఎంతవరకు కరిగి ఉండగలదో చెప్పే అంకె, చాలా తక్కువగా ఉన్న రాగి, సీసం, కాడ్మియం సల్ఫైడ్లు ఆ కొద్ది సల్ఫైడ్‌తోనే అవక్షేపిస్తాయి. జింక్, మాంగనీస్ లాంటివి ద్రావణంలోనే ఉండిపోయి, తర్వాత అమోనియా కలిపి ఆమ్లాన్ని తటస్థం చేసినప్పుడు నాలుగో గ్రూపులో దిగుతాయి.

ఇందులో తప్పేమీ లేదు. కానీ 'కలిపితే తగ్గుతుంది' అనడం వేరు, 'ఇంత కలిపితే ఇంత తగ్గుతుంది' అనడం వేరు. సల్ఫైడ్ అయాన్ గాఢత హైడ్రోజన్ అయాన్ గాఢత వర్గానికి విలోమానుపాతంలో ఉంటుంది. ఆమ్లం మూడు రెట్లు తగ్గితే సల్ఫైడ్ తొమ్మిది రెట్లు పెరుగుతుంది. మా మూడు సీసాల్లో అతి పలుచనిదానికీ అతి చిక్కనిదానికీ మధ్య పది రెట్ల తేడా ఉంది. సమాన పరిమాణాల్లో వాడినా సల్ఫైడ్‌లో అది వంద రెట్ల తేడా. ఉమ్మడి అయాన్ ప్రభావాన్ని మనం ఒక సూత్రంలా వల్లిస్తాం. ల్యాబ్‌లో అది సూత్రం కాదు, ఎంత తిప్పితే అంత మారే మీట. ఎక్కడ నిలపాలో చెప్పకుండా ఆ మీటను విద్యార్థి చేతికి ఇస్తున్నాం.

ఈ పద్ధతి మొదలైంది చేతి అనుభవంతోనే. కార్ల్ రెమిజియస్ ఫ్రెసీనియస్ జర్మనీలో తన గుణాత్మక విశ్లేషణ క్రమాన్ని 1841లో ప్రచురించాడు. ద్రావణీయతా లబ్దం భావనతో రసాయనవేత్త నెర్న్‌స్ట్ దానికి కారణం చూపింది 1889లో. మధ్యలో దాదాపు యాభై ఏళ్లు విశ్లేషకులు కారణం తెలియకుండానే ఆమ్లాన్ని సరైన చోట నిలిపారు. కారణం తెలిసిన మనం ఆ నేర్పును జారవిడుచుకున్నామేమో అనిపిస్తుంది.

లెక్కలోకి వెళ్లే ముందు ఒక మాట. తరగతిలో మనం సల్ఫైడ్ అయాన్ గాఢతను కట్టి, దాన్ని లోహ అయాన్ గాఢతతో గుణించి, ద్రావణీయతా లబ్దంతో పోలుస్తాం. పాఠ్యపుస్తకాల్లో తరచుగా కనిపించే విలువలు తీసుకుందాం. హైడ్రోజన్ సల్ఫైడ్ మొదటి అయనీకరణ స్థిరాంకం 10⁻⁷, రెండోది 10⁻¹⁴, సంతృప్త ద్రావణంలో వాయువు గాఢత 0.1 మోలార్. ఆమ్లం 0.3 మోలార్ ఉంటే సల్ఫైడ్ అయాన్ గాఢత సుమారు 1.1 × 10⁻²¹ మోలార్ వస్తుంది. ఈ అంకెను పిల్లలు చకచకా రాసేస్తారు. దాన్ని అవగాడ్రో సంఖ్యతో గుణించి చూడమని ఒకసారి తరగతిలో అడిగాను. 10 మి.లీ. ద్రావణంలో ఉండేవి ఏడు సల్ఫైడ్ అయాన్లు. ఏడు కోట్లు కాదు, ఏడు. కళ్ల ముందే ఒక్క క్షణంలో నాళిక నిండా దిగే నల్లని రాగి సల్ఫైడ్ ఆ ఏడు అయాన్లతో తయారైందని ఎవరైనా నమ్మగలరా?

పైగా ఆ రెండో స్థిరాంకం విలువ కూడా నిలవలేదు. 1986లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన రోలీ మయర్స్ రసాయన ఉపాధ్యాయుల కోసం ఈ విషయం విడమరిచి రాశాడు. రెండో అయనీకరణ స్థిరాంకం మనం అనుకున్న దానికంటే ఎంతో తక్కువ, 10⁻¹⁹ దాపుల్లో ఉంటుంది. ఆ విలువతో లెక్క వేస్తే నూట యాభై లీటర్లకు ఒక్క సల్ఫైడ్ అయాన్. అంటే రెండో గ్రూపు నాళికలో లోహంతో కలిసే పని స్వేచ్ఛగా తిరిగే సల్ఫైడ్ అయాన్ చేస్తోందని చెప్పడానికి వీల్లేదు. హైడ్రోజన్ సల్ఫైడ్ అణువు, హైడ్రోసల్ఫైడ్ అయాన్ లోహాన్ని పట్టుకుంటున్నాయి, ప్రోటాన్లు బయటికి పోతున్నాయి. సల్ఫైడ్ అయాన్ గాఢత లెక్కను కలిపే ఒక మెట్టు మాత్రమే.

ఇందులో ఆచరణకు సంబంధించిన చిక్కు కూడా ఉంది. పాత ద్రావణీయతా లబ్దాలు చాలావరకు పాత అయనీకరణ స్థిరాంకాన్ని వాడి కట్టినవి. ఒక పుస్తకం నుంచి లబ్దాన్ని, మరో పుస్తకం నుంచి కొత్త స్థిరాంకాన్ని తెచ్చి కలిపితే, రాని అవక్షేపం వస్తుందని, వచ్చేది రాదని లెక్క చెబుతుంది. జవాబు పత్రాల్లో ఇలాంటివి చూశాను. లెక్క తప్పు కాదు, రెండు అంకెలూ ఒక సంసారానివి కావు.

అందుకే నేను ఇప్పుడు సల్ఫైడ్ అయాన్‌ను పక్కన పెట్టి, ఆమ్లంలో కరిగే చర్యనే నేరుగా రాయిస్తాను. లోహ సల్ఫైడ్, రెండు హైడ్రోజన్ అయాన్లతో కలిసి, లోహ అయాన్‌ను, హైడ్రోజన్ సల్ఫైడ్‌ను ఇస్తుంది. లోహ అయాన్ గాఢతను హైడ్రోజన్ సల్ఫైడ్ గాఢతతో గుణించి, హైడ్రోజన్ అయాన్ గాఢత వర్గంతో భాగిస్తే వచ్చేది ఆ చర్య స్థిరాంకం. గులాబీ రంగు మాంగనీస్ సల్ఫైడ్‌కు అది 3 × 10¹⁰. ఐరన్ సల్ఫైడ్‌కు 600. జింక్ సల్ఫైడ్‌కు నేను 0.2 తీసుకుంటాను. కాడ్మియం సల్ఫైడ్‌కు 8 × 10⁻⁷, సీసం సల్ఫైడ్‌కు 3 × 10⁻⁷, రాగి సల్ఫైడ్‌కు 6 × 10⁻¹⁶, నల్ల మెర్క్యూరిక్ సల్ఫైడ్‌కు 2 × 10⁻³². ఈ వరుసను ఒకసారి గోడ మీద రాసి పెడితే గ్రూపుల విభజన మొత్తం కంటికి కనిపిస్తుంది. ఐరన్ సల్ఫైడ్ స్థిరాంకం పెద్దది కావడం వల్లే కిప్ పరికరంలో ఆమ్లం పోయగానే అది కరిగి మనకు వాయువునిస్తుంది. గ్రూపు పరీక్షలో మనం అడిగే ప్రశ్నకే కిప్ పరికరం ఎదురు దిశ నుంచి జవాబిస్తోంది. పరికరానికి, పరీక్షకు మధ్య ఉన్న ఈ చుట్టరికం నాకు ఎప్పుడు తలచుకున్నా ముచ్చటగానే ఉంటుంది.

కిటికీ వైపు బల్ల

ఆమ్లం కలిపాక ద్రావణంలో కాడ్మియం సుమారు 0.02 మోలార్, జింక్ 0.1 మోలార్ ఉండేలా నేను మిశ్రమం చేశాను. విద్యార్థులు 5 మి.లీ. ద్రావణానికి 1 మి.లీ. ఆమ్లం పోశారు. మధ్య బల్ల సీసాతో అది 0.35 మోలార్ అవుతుంది, పుస్తకాలు చెప్పే 0.3కు దగ్గరే. కిటికీ వైపు సీసాతో 0.097 మోలార్ మాత్రమే.

0.3 మోలార్ ఆమ్లంలో, వాయువు 0.1 మోలార్ ఉన్నప్పుడు, ఆ 0.2 విలువతో లెక్కిస్తే 0.18 మోలార్ దాకా జింక్ కరిగే ఉండగలదు. మన దగ్గరున్నది 0.1 మాత్రమే, కాబట్టి దిగదు. 0.097 మోలార్ ఆమ్లంలో ఆ హద్దు 0.019కి పడిపోతుంది. జింక్ ఇప్పుడు హద్దుకు ఐదు రెట్లు మించి ఉంది.

ఇక్కడ చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. లోహ సల్ఫైడ్ దిగిన ప్రతిసారీ రెండు హైడ్రోజన్ అయాన్లు విడుదలవుతాయి. అవక్షేపం తన దారికి తానే అడ్డు కట్టుకుంటుంది. కాడ్మియం మొత్తం దిగేసరికి 0.04 మోలార్ ఆమ్లం అదనంగా చేరి 0.137 అవుతుంది. తర్వాత జింక్ దిగడం మొదలుపెడితే ఆమ్లం ఇంకా పెరుగుతూ పోతుంది. సమతాస్థితి దాకా లెక్క వేస్తే జింక్‌లో నాలుగో వంతుకు కొంచెం పైగా, 27 శాతం, రెండో గ్రూపులో దిగి, అక్కడితో ఆగాలి. అంటే కాడ్మియం కంటే ఎక్కువ జింక్ ఆ అవక్షేపంలో ఉంది. పసుపు పాలిపోయింది అందుకే. మిగిలిన జింక్ నాలుగో గ్రూపుకు చేరింది, అందుకే ఆ నలుగురికీ అక్కడ తెల్లని అవక్షేపం దొరికింది.

ఆ నలుగురిలో ఒకరు అవక్షేపాన్ని వడపోత కాగితంతో సహా దాచి ఉంచాడు. దాన్ని సజల నత్రికామ్లంలో వేడి చేసి కరిగించి, తటస్థం చేసి, సోడియం హైడ్రాక్సైడ్ అధికంగా పోశాను. తెల్లని కాడ్మియం హైడ్రాక్సైడ్ కరగకుండా మిగిలింది. వడకట్టిన తేట ద్రావణానికి ఎసిటిక్ ఆమ్లం కలిపి వాయువు పంపితే తెల్లని జింక్ సల్ఫైడ్ దట్టంగా దిగింది. ఆర్సెనిక్ అని రాసిన ఇద్దరి రికార్డుల్లో పసుపు అమ్మోనియం సల్ఫైడ్ పరీక్ష ఎదురుగా 'పాక్షికంగా కరిగింది' అని ఉంది. నిజానికి అది కరగలేదు. తాము అనుకున్న జవాబు కోసం చూసిన దాన్ని కొంచెం వంచారు. ఈ విషయం వాళ్లతో విడిగా మాట్లాడాను. తప్పు లవణం రాస్తే పోయేది మార్కులే, చూడనిది రాస్తే ఆ అలవాటు వెంట వస్తుంది.

ఆమ్లం అసలు కలపకుండా ఉంటే? 0.1 మోలార్ జింక్ క్లోరైడ్‌లోకి నేరుగా వాయువు పంపితే, తాను విడుదల చేసిన ఆమ్లం వల్లే జింక్ సుమారు 65 శాతం దగ్గర ఆగిపోవాలని లెక్క. నాలుగో గ్రూపులో అమోనియా ఎందుకంటే ఇందుకే. అది విడుదలైన ప్రతి హైడ్రోజన్ అయాన్‌నూ పట్టుకుని చర్యను చివరిదాకా నడిపిస్తుంది.

తలుపు వైపు బల్ల

ఇది నన్ను ఎక్కువ రోజులు కూర్చోబెట్టింది. ఈ ముగ్గురూ 6.1 మోలార్ సీసా నుంచి 'మరీ తక్కువ కాకూడదని' 3 మి.లీ. దాకా పోశారు. 8 మి.లీ. ద్రావణంలో ఆమ్లం 2.3 మోలార్, కాడ్మియం 0.015 మోలార్.

'ఆమ్లం ఎక్కువైంది, ఉమ్మడి అయాన్ ప్రభావం ఎక్కువైంది, కాడ్మియం దిగలేదు.' స్టాఫ్ రూములో అందరూ చెప్పిన కారణం ఇదే. నేనూ ఇన్నేళ్లుగా ఇదే చెప్పాను. ఈసారి లెక్క వేసి చూశాను. 8 × 10⁻⁷ ను 2.3 వర్గంతో గుణించి 0.1తో భాగిస్తే వచ్చేది 4.2 × 10⁻⁵ మోలార్. అంటే ఆ ఆమ్లంలో కూడా వెయ్యికి మూడు పాళ్ల కాడ్మియం మాత్రమే కరిగి మిగలాలి, మిగతాదంతా పసుపుగా దిగాలి. కానీ ముగ్గురి నాళికల్లోనూ తేట నీరే ఉంది. ఉమ్మడి అయాన్ ప్రభావం ఈ కేసును సగం దూరం కూడా తీసుకుపోలేదు.

లెక్కలో లేనిది క్లోరైడ్. హైడ్రోక్లోరికామ్లం పోసినప్పుడు మనం హైడ్రోజన్ అయాన్‌ను మాత్రమే చూస్తాం, దానితో పాటు అంతే క్లోరైడ్ కూడా నాళికలోకి వెళుతుంది. కాడ్మియంకు క్లోరైడ్ అంటే మక్కువ. ఒకటి, రెండు, మూడు, నాలుగు క్లోరైడ్లను వరుసగా తన చుట్టూ చేర్చుకుని సంక్లిష్ట అయాన్లుగా మారుతుంది. 2 మోలార్ దాటిన క్లోరైడ్‌లో విడిగా ఉండే కాడ్మియం అయాన్ మొత్తంలో అతి చిన్న భాగం. స్థిరాంకంలో లెక్కకు వచ్చేది ఆ విడి అయాన్ మాత్రమే. జింక్‌కు ఈ మక్కువ చాలా తక్కువ.

ఊహ సరే, నిరూపించాలి. కాడ్మియం ఒక్కటే 0.015 మోలార్ ఉన్న ద్రావణంతో మూడు నాళికలు సిద్ధం చేశాను. ఫ్యూమ్ కప్‌బోర్డులో మూడింటిలోకీ ఒకే వేగంతో వాయువు పంపాను. మొదటిది 2.3 మోలార్ హైడ్రోక్లోరికామ్లంలో ఉంది. పది నిమిషాలు గడిచినా తేటగానే ఉంది. రెండోది అంతే ఆమ్లత్వం ఉండేలా సల్ఫ్యూరికామ్లంలో ఉంది. పసుపు అవక్షేపం నిండుగా దిగింది. హైడ్రోజన్ అయాన్ అదే, వాయువు అదే, మారింది ఆమ్లం తోక మాత్రమే, క్లోరైడ్ బదులు సల్ఫేట్. మూడోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ఆమ్లం 0.3 మోలారే, అంటే పుస్తకం చెప్పినంతే. కానీ అందులో వంటింటి ఉప్పు, శుద్ధమైన సోడియం క్లోరైడ్, దాదాపు కరిగినంత వేశాను. పసుపు రాలేదు. నాలుగు రెట్లు నీళ్లు పోసి మళ్లీ వాయువు పంపగానే వచ్చింది. తలుపు వైపు ముగ్గురికీ ఈ నాళికను చూపించినప్పుడు ఒక అమ్మాయి, 'మేడమ్, ఆమ్లం సరిగ్గానే ఉన్నా ఉప్పు ఆపేసిందా?' అని అడిగింది. అవునన్నాను. ఈ కేసు మొత్తంలో సరైన ప్రశ్న అడిగింది ఆ అమ్మాయే.

ఆ ముగ్గురి పాత నాళికల్లో ఒకటి ఇంకా మిగిలి ఉంది. దాన్ని ఎనిమిది రెట్లు పలుచన చేసి, ఆమ్లం 0.29 మోలార్‌కు దింపి, మళ్లీ వాయువు పంపితే కాడ్మియం పసుపు వచ్చింది, జింక్ కదలలేదు. రెండో గ్రూపులో ఏమీ రాకపోతే పలుచన చేసి మళ్లీ పంపాలని పాత మాన్యువల్స్‌లో ఉన్న సూచన వెనక ఇంత కథ ఉంది. పలుచన చేసినప్పుడు ఆమ్లం, క్లోరైడ్ రెండూ ఒకేసారి తగ్గుతాయి. రాసినవారికి ఏది కారణమో విడదీయాల్సిన అవసరం రాలేదు, సూచన మాత్రం పనిచేసింది.

లోహం దిగలేదు కాబట్టి దాని పేరు రాయలేదని ఆ ముగ్గురినీ నేను నిందించలేను. కానీ నాలుగో గ్రూపు లేత పసుపును వాళ్లు ప్రశ్నించి ఉండాల్సింది. అమోనియాలో కాడ్మియం సంక్లిష్టంగా కరిగి మూడో గ్రూపును దాటిపోతుంది, నాలుగో గ్రూపులో వాయువు తగలగానే సల్ఫైడ్‌గా దిగుతుంది. తెల్లగా ఉండాల్సిన చోట పసుపు కనిపిస్తే కాడ్మియం వెనకబడి వచ్చిందేమో చూడాలి.

మార్చినవి

మొదట చీటీలు. ఇప్పుడు మా ల్యాబ్‌లో ఏ సీసా మీదా 'సజల' అన్న మాట ఒంటరిగా ఉండదు. పక్కన మోలారిటీ, నింపిన తేదీ ఉంటాయి. ప్రతి కొత్త సీసానూ అంశమాపనం చేసేది విద్యార్థులే. అది వాళ్లకు ఎలాగూ నేర్పాల్సిన పనే.

కానీ సీసా సరిగ్గా ఉంటే సరిపోదు. లవణాన్ని కరిగించడానికి ఎంత ఆమ్లం వాడారు, ఎంత ఆవిరైంది, ద్రావణం ఎన్ని మిల్లీలీటర్లు అన్నవి ప్రతి నాళికకూ మారతాయి. కాబట్టి వాయువు పంపే ముందు నాళికలోని ఆమ్లాన్నే చూడాలి. మామూలు పీహెచ్ కాగితం ఇక్కడ పనికిరాదు, 0.1 మోలార్ అయినా 2 మోలార్ అయినా ఒకే ఎరుపు చూపిస్తుంది. మిథైల్ వయొలెట్ పనికొస్తుంది. తటస్థ ద్రావణంలో ఊదా, సుమారు 0.1 మోలార్ ఆమ్లంలో నీలం, 0.25 దగ్గర నీలి ఆకుపచ్చ, 0.5 దగ్గర పసుపు. వడపోత కాగితాన్ని ఆ సూచికలో ముంచి ఆరబెట్టి ముక్కలు చేసి పెట్టుకున్నాం. గాజు కడ్డీతో ఒక చుక్క అంటిస్తే చాలు. నీలం కనిపిస్తే ఆమ్లం కలపాలి, పసుపైతే నీళ్లు పోయాలి, ఆకుపచ్చ దగ్గర ఆగాలి. తెలిసిన గాఢతలున్న ఆమ్లాలతో నాలుగు రంగుల పోలిక కాగితం చేసి గోడకు అంటించాం.

వాయువు పంపాక అవక్షేపాన్ని వెంటనే వడకట్టాలని కూడా చేర్చాను. రాగి, మెర్క్యూరిక్ సల్ఫైడ్ల మీద జింక్ సల్ఫైడ్ నిదానంగా వచ్చి పేరుకుంటుంది. 1930లలో రసాయనవేత్త కోల్తాఫ్ దీన్ని శ్రద్ధగా పరిశోధించాడు. ఆమ్లం సరిగ్గా ఉన్నా, నాళికను అలా వదిలి టీకి వెళ్లి వస్తే ఫలితం మారవచ్చు.

ఈ మళ్లీ మళ్లీ చేసిన పరీక్షలన్నీ ఫ్యూమ్ కప్‌బోర్డులోనే చేశాను, విద్యార్థులనూ అక్కడే చేయమన్నాను. హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన గుడ్ల వాసన మొదట్లో బాగా తెలుస్తుంది. గాలిలో అది పది లక్షల పాళ్లకు 100 పాళ్ల దాకా పెరిగితే ముక్కు మొద్దుబారి వాసన తెలియకుండా పోతుంది, ప్రాణాపాయం మొదలయ్యేది కూడా ఆ స్థాయిలోనే. వాసన పోయింది కదా అని ఊపిరి పీల్చుకునేవారికి అది ఎంత ప్రమాదమో నేను ప్రతి ఏడాదీ మొదటి రోజే చెబుతాను. కాడ్మియం ద్రావణాలను, అవక్షేపాలను సింకులో పోయనివ్వను, విడి డబ్బాలో చేరుస్తాం.

మూడు వారాల తర్వాత అదే పన్నెండు మందికి మళ్లీ ఒక మిశ్రమం ఇచ్చాను. ఈసారి కాడ్మియంతో పాటు జింక్ కూడా ఎక్కువ వేశాను, పైగా అందులో చెప్పకుండా గుప్పెడు సోడియం క్లోరైడ్ కలిపాను. పదకొండు మంది మిథైల్ వయొలెట్ ఆకుపచ్చ చూసి వాయువు పంపి, ఏమీ రాక నిలబడిపోయారు. అందులో తొమ్మిది మంది కాసేపటికి పలుచన చేసి, ఆమ్లాన్ని మళ్లీ సరిచేసి, కాడ్మియంను దింపారు. ఉప్పు గురించి అడిగిన అమ్మాయి మాత్రం మొదట ఒక చుక్క ద్రావణానికి సిల్వర్ నైట్రేట్ కలిపి చూసింది. పెరుగులా దట్టంగా దిగిన తెల్లని అవక్షేపాన్ని చూసి, ఇంకేమీ చేయకముందే నీళ్ల సీసా అందుకుంది.